తూము ఎవరిది?

కాలువ గట్టు తగువుల గురించి, ఇంటి పన్ను బకాయిల గురించి నాకు ఒకరు పాఠం చెప్పే అవసరం రాదనుకునేవాణ్ణి. పాత ప్రకాశం జిల్లాలో ముప్ఫై ఏళ్ల పైన పంచాయతీల్లోనే నలిగాను. మొదట గ్రామ కార్యదర్శిగా, చివర్లో మండలంలో విస్తరణాధికారిగా. 2012లో యాభై ఎనిమిది నిండి ఇంటికొచ్చేశాను. మరుసటి ఏడాది మా ఆవిడా నేనూ ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి చేరాం. వాడు డాక్టరు. ఇక్కడికి జె-1 వీసా మీద వచ్చి శిక్షణ పూర్తిచేసిన విదేశీ డాక్టరు రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి. వైద్యులు చాలని చోట మూడేళ్లు పనిచేస్తానంటే ఆ షరతు తీసేస్తారు. మన పిల్లలు చాలామంది, మ్యాపులో వేలు పెట్టి వెతికితే గాని దొరకని అమెరికా పల్లెల్లో తేలింది అలాగే. మావాడు మూడేళ్లకని హోమ్స్ కౌంటీ వచ్చాడు. ఇంకా ఇక్కడే ఉన్నాడు.

మేం టౌన్‌షిప్‌లో ఉంటున్నామని ఫోన్‌లో చెబితే మా బావమరిది ఊరంతా వేరే రకంగా చాటాడు. మన దగ్గర టౌన్‌షిప్ అంటే ప్రహరీ, గేటు, గేటు దగ్గర సెల్యూట్ కొట్టే వాచ్‌మన్ కదా. ఇక్కడి టౌన్‌షిప్‌కి గోడా లేదు, గేటూ లేదు. కౌంటీని పంచితే ఒక్కో వాటాకి వచ్చిన పొలాలూ గుట్టలూ రోడ్లూ, అంతే. హోమ్స్ కౌంటీలో అలాంటివి 14. 2020 లెక్కల్లో కౌంటీ మొత్తం జనాభా 44,223. అందులో సగానికి దగ్గరగా ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లు, గుర్రబ్బండ్ల మీద తిరిగేవాళ్లు.

కింద వేసిన నంబర్ల వరసకి పెద్ద అర్థం లేదు. ఇక్కడ నేర్చుకున్న పాఠాలు గుర్తొచ్చిన కొద్దీ రాశాను.

1. కళ్లకు ఊరు కనిపిస్తే కాగితం మీద ఊరు ఉండాలని లేదు.

వచ్చిన కొత్తలో బెర్లిన్ చూశాను. రోడ్డుకి రెండు పక్కలా దుకాణాలు, చీజ్, చెక్క సామాను, వేసవి శనివారం కాలు పెట్టే సందు లేకుండా పర్యాటకులు. "ఈ ఊరి మేయరు ఎవరు?" అని అడిగాను. లేడన్నారు. బెర్లిన్‌కి మేయరూ లేడు, కౌన్సిలూ లేదు. చట్టం దృష్టిలో అది బెర్లిన్ టౌన్‌షిప్‌లో ఇళ్లు కాస్త దగ్గరగా ఉన్న చోటు. వాల్‌నట్ క్రీక్, మౌంట్ హోప్, చార్మ్, వైన్స్‌బర్గ్ కూడా అంతే. కిల్‌బక్, హోమ్స్‌విల్, గ్లెన్‌మాంట్, నాష్‌విల్ బెర్లిన్ ముందు ఎంత అణిగిమణిగి కనిపిస్తాయో, అయినా వాటికి మేయర్లున్నారు, ఎందుకంటే అవి ఎప్పుడో లాంఛనంగా 'విలేజ్'లుగా నమోదయ్యాయి. ఒహాయోలో అయిదు వేల జనాభా చేరితే విలేజ్ సిటీ అవుతుంది. కౌంటీ కేంద్రం మిల్లర్స్‌బర్గ్‌లోనే మూడు వేల పైచిలుకు. అంచేత ఈ కౌంటీలో సిటీ అన్నదే లేదు.

వైన్స్‌బర్గ్ పేరు విని సాహిత్యం చదువుకున్నవాళ్లు ఉలిక్కిపడతారు. షేర్‌వుడ్ ఆండర్సన్ 1919లో అచ్చువేసిన కథల పుస్తకం పేరు 'వైన్స్‌బర్గ్, ఒహాయో'. కానీ ఆయన మనసులో ఉన్నది తాను పెరిగిన క్లైడ్ అనే వేరే ఊరు. పుస్తకం పట్టుకుని ఇక్కడికి వచ్చేవాళ్లకి ఆ పేరు రాసిన బోర్డు తప్ప ఇంకేం దొరకదు.

2. కలెక్టరు లేకుండా జిల్లా నడుస్తుంది.

దీన్ని నేను నమ్మడానికి ఏడాది పట్టింది. కౌంటీ అంటే జిల్లా లాంటిదే కదా, కలెక్టరాఫీసు ఎక్కడ అని వెతికాను. మిల్లర్స్‌బర్గ్ నడిబొడ్డున రాతి కోర్టు భవనం ఉంది గాని, రాజధాని నుంచి బదిలీ మీద వచ్చి కూర్చునే దొర ఎవరూ లేరు. ముగ్గురు కమిషనర్లు, ముగ్గురూ ఎన్నికైనవాళ్లు. లెక్కలు చూసే ఆడిటరు, ఖజానా చూసే ట్రెజరరు, దస్తావేజులు దాఖలు చేసే రికార్డరు, షెరీఫ్, అందరూ ఓట్లతో వచ్చినవాళ్లే. ఆఖరికి రోడ్లు, వంతెనలు చూసే కౌంటీ ఇంజినీరు కూడా ఓట్లడగాలి. ఇంజినీరింగు, సర్వేయింగు రెండు లైసెన్సులూ ఉన్నవాడే దానికి నిలబడాలనుకోండి. మన డీఈఈలు ఇంటింటికీ తిరిగి దండం పెట్టే దృశ్యం ఊహించుకుని చాలా రోజులు ఒంటరిగా నవ్వుకున్నాను.

నవ్వు సంగతి అలా ఉంచితే, అనుమానం కూడా ఉంది. రికార్డరుని రాజకీయ పార్టీ గుర్తు మీద ఎన్నుకోవడం దేనికో నాకు ఇప్పటికీ బోధపడలేదు. దస్తావేజుకి పార్టీ ఏమిటి?

3. రోడ్డెక్కే ముందు అది ఎవరి రోడ్డో తెలుసుకోవాలి.

ఇక్కడ పల్లె చిరునామాల్లో వీధి పేర్లుండవు. కౌంటీ రోడ్డు ఫలానా నంబరు, టౌన్‌షిప్ రోడ్డు ఫలానా నంబరు అని ఉంటుంది. అది అలంకారం కాదు. మంచు ఎవరు తీయాలి, గుంత ఎవరు పూడ్చాలి అన్న జవాబు ఆ నంబర్లోనే ఉంది. మిల్లర్స్‌బర్గ్ నుంచి బెర్లిన్ మీదుగా పోయే 62 దేశపు రహదారి, చార్మ్ మీదుగా పోయే 557 రాష్ట్రానిది. ఈ రెండింటినీ రాష్ట్ర రవాణా శాఖ చూసుకుంటుంది. కౌంటీ రోడ్డుకి ఇందాకటి ఇంజినీరు. టౌన్‌షిప్ రోడ్డుకి టౌన్‌షిప్.

మా మొదటి శీతాకాలం. ఇంటి ముందు దారిలో మోకాలెత్తు మంచు. పార తీసుకుని ఉత్సాహంగా ఎత్తి రోడ్డు మీదికి పోశాను. మన ఊళ్లో వాకిలి ఊడ్చి చెత్త ఎటు తోస్తామో అటే. కాసేపటికి మంచు తోసే లారీ వచ్చి ఆగింది. పెద్దాయన దిగాడు, నా వయసే ఉంటుంది. "ఆ మంచు మళ్లీ నేనే తియ్యాలి కదండీ. పైగా రోడ్డు మీద పొయ్యడం చట్టప్రకారం తప్పు" అన్నాడు. గొంతు పెంచలేదు. నా పార అందుకుని, పక్కకి ఎలా పొయ్యాలో నాలుగు పారలు ఎత్తి చూపించి వెళ్లాడు. ఆయన డ్రైవరనుకున్నాను. మూడు నెలల తర్వాత తెలిసింది, టౌన్‌షిప్‌ని పాలించే ముగ్గురు ట్రస్టీల్లో ఒకడని. సర్పంచి గారే ట్రాక్టరు తోలుతున్నారన్నమాట.

ఆ మూడు నెలల తర్వాత సంగతి తూము గురించి. మంచు కరిగి, మా దారి కింద తూము పూడిపోయి, నీళ్లు ఎగదన్ని రోడ్డు అంచు కోసేశాయి. నాలో పాత ఉద్యోగి లేచాడు. ఒక అర్జీ రాశాను, 'విషయం', 'సూచిక'తో సహా. మా అబ్బాయి దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, సూచిక ఎందుకని తీసేశాడు. నెలవారీ సమావేశానికి వెళ్లి ఇచ్చాను. పెద్దాయన చదివి, "రోడ్డు కింద తూము మాది. మీ దారి కింద తూము మీది. పైపు మీరు కొనండి, వేసేటప్పుడు మట్టి తవ్వడానికి మా మిషను వస్తుంది" అన్నాడు. అయిదు నిమిషాలు. ముప్ఫై ఏళ్లలో తూము ఎవరిదో తేలక తిరిగిన ఫైళ్లు ఎన్ని మోశానో తలుచుకుంటూ ఇంటికొచ్చాను.

4. మూడు కుర్చీలు, ఒక చెక్కుబుక్కు.

ఆ రోజు నుంచి సమావేశాలకి వెళ్లడం అలవాటైంది. నాకు ఓటు లేదు, గ్రీన్‌కార్డే. అయినా తలుపు ఎవరికైనా తెరిచే ఉంటుంది. టౌన్‌షిప్ హాలంటే ముందు గది, వెనక షెడ్డులో గ్రేడరూ ఉప్పు కుప్పా. ముగ్గురు ట్రస్టీలు, ఒక ఫిస్కల్ ఆఫీసరు. నలుగురూ నాలుగేళ్లకోసారి ఎన్నికయ్యేవాళ్లే, బ్యాలెట్ మీద వాళ్ల పేరు పక్కన పార్టీ ఉండదు. ఫిస్కల్ ఆఫీసరు అంటే మన కార్యదర్శి పని చేసే మనిషి. చెక్కులు రాసేదీ మినిట్స్ రాసేదీ ఆవిడే. తేడా ఏమిటంటే, నన్ను ప్రభుత్వం వేసింది, ఆవిణ్ణి జనం ఎన్నుకున్నారు. ట్రస్టీలకి ఆవిడ మీద కోపం వచ్చినా బదిలీ చేయించలేరు. నా సర్వీసులో నేను చూసిన బదిలీలు గుర్తొచ్చి ఆవిణ్ణి చూస్తే అసూయ పుట్టింది. దాచుకోవడం దేనికి.

సమావేశంలో ఉపన్యాసాలుండవు. కంకర టన్ను ఎంత, ఏ మలుపు దగ్గర గడ్డి పెరిగి ఎదురు బండి కనపడ్డం లేదు, డీజిలు బిల్లు. ఒక్కో చెక్కు చదువుతారు, ఒప్పుకుంటారు. వినడానికి మేం ముగ్గురు నలుగురం. ఒక రాత్రి నేనొక్కణ్ణే. నిద్ర రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ విసుగులోనే పని ఉంది. కంకర గురించి నిర్ణయించినవాడు తెల్లారి అదే కంకర మీద బండి తోలాలి.

5. పన్ను పెంచాలంటే అడగాలి.

చట్టం ఇచ్చిన కనీసపు వాటా దాటి అగ్నిమాపక దళానికో రోడ్లకో శ్మశానానికో ఇంకొంచెం డబ్బు కావాలంటే, దాన్ని ఎన్నికల్లో బ్యాలెట్ మీద పెట్టాలి. ఇన్నేళ్లకి, ఇందుకోసం, ఇంటి విలువ లక్ష డాలర్లకి ఏడాదికి ఇన్ని డాలర్లు అని అచ్చువేస్తారు. 'పన్నుకు అనుకూలం', 'పన్నుకు వ్యతిరేకం', రెండే గళ్లు. తన మీద తానే పన్ను వేసుకొమ్మంటే ఏ బుద్ధిమంతుడు వేసుకుంటాడనుకున్నాను. అంబులెన్సుకీ ఫైరింజనుకీ వేసుకుంటారు, చాలాసార్లు చూశాను. నమ్మకం కుదరని దానికి నిర్మొహమాటంగా వ్యతిరేకం గీస్తారు. అప్పుడు ట్రస్టీలు మొహం మాడ్చుకుని మళ్లీ ఏడాది అడుగుతారు.

6. గీత ముందు పుట్టింది, జనం తర్వాత వచ్చారు.

మన ఊళ్లు ముందు వెలిశాయి, సర్వేరాళ్లు తర్వాత పాతారు. ఇక్కడ తలకిందులు. 1785లో చేసిన చట్టంతో భూమిని ఆరేసి మైళ్ల చదరాలుగా గొలుసు పట్టి కొలిచి, 36 భాగాలు చేసి, పదహారో భాగం బడి కోసమని పక్కన పెట్టి, ఆ తర్వాత అమ్మారు. హోమ్స్ కౌంటీలో ఈ లెక్క ఉత్తరాన ఒక రకం, దక్షిణాన ఒక రకం. ఉత్తరాన ఆరు మైళ్ల చదరాలు, దక్షిణాన సైనికులకి వాళ్ల సేవకి ప్రతిఫలంగా ఇచ్చిన భూముల్లో అయిదు మైళ్లవి. రెండింటి మధ్య గీత 1795 గ్రీన్‌విల్ ఒప్పందంలోది. గీతకి దక్షిణాన ఉన్న భూమి మీద హక్కు వదులుకోమని డెలావేర్ మొదలైన ఆదివాసులతో సంతకాలు పెట్టించారు. తర్వాత ఉత్తరాన ఉన్నదీ పోయింది. మిగిలింది పేర్లు. కిల్‌బక్ అంటే ఒక డెలావేర్ నాయకుడి పేరు, ఇప్పుడొక వాగుకీ ఊరికీ టౌన్‌షిప్‌కీ ఉంది. ఆ వాగు 1969 జూలైలో పొంగి చేసిన వినాశనం గురించి పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ పేరుగల మనుషుల గురించి చెప్పేవాళ్లే లేరు.

7. ఇక్కడ నేను ఇంగ్లిష్‌వాణ్ణి.

జీవితంలో నన్ను తెలుగువాడన్నారు, మద్రాసీ అన్నారు, ఈ దేశంలో ఇండియన్ అన్నారు. ఆమిష్ పొరుగాయన మాత్రం కంచె అవతల నుంచి తన కొడుకుతో "ఆ ఇంగ్లిష్ ఆయన్ని అడుగు" అన్నాడు. ఆమిష్ కానివాళ్లంతా వాళ్లకి ఇంగ్లిష్‌వాళ్లే, రంగుతో పనిలేదు. నా ఇంగ్లిష్ విన్న మా మనవడు ఈ మాటకి పడీపడీ నవ్వాడు.

వాళ్లు 1809 ప్రాంతంలో పెన్సిల్వేనియా నుంచి ఈ వాల్‌నట్ క్రీక్ లోయకి వచ్చారు. ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస, ప్రార్థనలో పాత జర్మన్, బయటివాళ్లతో ఇంగ్లిష్. పిల్లలు బడికి వెళ్లాకే ఇంగ్లిష్ బాగా నేర్చుకుంటారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపుతారు. 1972లో సుప్రీంకోర్టు ఆ హక్కు వాళ్లకి ఖాయం చేసింది. ఆ చదువు సంగతిలో నేను వాళ్లతో ఏకీభవించను. వైద్యుడి తండ్రిని, ఎలా ఏకీభవిస్తాను? భాష సంగతిలో మాత్రం వాళ్ల ముందు తలదించుకుంటాను. రెండు వందల ఏళ్లు దాటాక కూడా పొరుగింటి నాలుగేళ్ల పిల్ల అమ్మతో ఇంటి భాషలో పోట్లాడుతుంది. మా మనవడికి తెలుగు మాట్లాడే ఇంకో ఇల్లు కావాలంటే కారెక్కాలి, గుడికి పోవాలంటే క్లీవ్‌లాండ్ పక్కన పార్మాలోని శివ విష్ణు ఆలయం దాకా గంటన్నర. ఆమిష్ వాళ్లకి భాష నేర్పే ఆదివారం తరగతి లేదు. అన్నం దగ్గర వేరే భాష మాట్లాడరు, అంతే. మా ఆవిడ ఆ సూత్రం మా ఇంట్లో పెట్టి చూసింది. మూడు రోజులు మనవడు సైగలతో తిన్నాడు, నాలుగో రోజు "పచ్చడి" అన్నాడు. ఇంకా నడుస్తోంది.

అసలు నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నది కొలత. వాళ్లకి చర్చి భవనం లేదు. రెండు వారాలకోసారి ఒక్కో ఇంట్లో ప్రార్థన. బెంచీలు ఒక బండిలో ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తిరుగుతాయి. ఒక సంఘమంటే పాతిక నుంచి నలభై కుటుంబాలు. ఇంట్లోనో కొట్టంలోనో పట్టనంత మంది అయితే సంఘాన్ని రెండు చేస్తారు. పెద్ద హాలు కట్టుకోరు. బోధకుణ్ణి చీటీ వేసి ఎంచుతారు. కీర్తనల పుస్తకాల్లో ఒకదాంట్లో చీటీ పెట్టి, అది ఎవరి చేతికొస్తే వాళ్లకి జీతం లేని ఆ బరువు జీవితాంతం. ఆ చీటీ వచ్చిన ఇంట్లో ఆడవాళ్లు ఏడుస్తారట. మన పక్క పదవి వస్తే బాణసంచా కాలుస్తాం.

ఆరోగ్య బీమా చాలామంది తీసుకోరు. ఆపరేషను బిల్లు వస్తే సంఘం చందా వేసుకుంటుంది. సొంత పని చేసుకునే ఆమిష్ వాళ్లకి సోషల్ సెక్యూరిటీ పన్ను నుంచి 1965లో మినహాయింపు ఇచ్చారు, అది కట్టరు, ఆ పింఛనూ పుచ్చుకోరు. 'ఆమిష్ వాళ్లు పన్నులు కట్టరు' అని పర్యాటకులు చెప్పుకునేది మాత్రం తప్పు. ఆస్తి పన్ను, ఆదాయ పన్ను అందరిలాగే కడతారు.

8. ఇంటిపేరు ఊరికి సరిపోకపోతే ఊరే పేరు పెడుతుంది.

యోడర్, మిల్లర్, ట్రోయర్, హెర్ష్‌బర్గర్, రేబర్. కౌంటీలో పోస్టుడబ్బాల మీద తిరగేసి మరగేసి ఇవే. అంచేత తండ్రి పేరో తాత పేరో చేసే పనో కలిపి పిలుస్తారు. మన ఊళ్లో చెరువుగట్టు సుబ్బారావు, గానుగ సుబ్బారావు ఉన్నట్టే. గౌరవ వాచకాలు లేవు. ఎనిమిదేళ్ల పిల్లాడు నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. మొదట్లో చురుక్కుమంది.

9. చిన్న వార్తకి పెద్ద పేజీ ఇవ్వాలి.

పక్క కౌంటీలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ 'ది బడ్జెట్' అనే వారపత్రిక వస్తోంది. దేశమంతటా ఆమిష్ పల్లెల నుంచి జీతం లేని విలేకరులు ఉత్తరాలు రాస్తారు. వాన ఎంత పడింది, ప్రార్థన ఎవరింట్లో, ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరు కొట్టం అటక మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. నాలుగు వారాలు చదివాక నాకు వ్యసనమైంది. మన పత్రికల జిల్లా పేజీ నేను ముందు చదివేవాణ్ణి, అందులో మా మండలం వార్త అంగుళం ఉంటే పండగ. వీళ్ల పత్రికంతా ఆ అంగుళమే.

10. బగ్గీ వెనక బ్రేకు మీద కాలు.

గుట్ట ఎక్కే చోట ముందు ఏముందో కనపడదు. కారు యాభై అయిదు మైళ్ల వేగం, బగ్గీ పది. 2022లో ఒహాయో ప్రభుత్వం బగ్గీ పైన పసుపు పచ్చ మిణుకు దీపం ఉండాలని చట్టం చేసింది. కొన్ని ఛాందస శాఖలవాళ్లు మతం ఒప్పుకోదని పెట్టుకోలేదు. ఈ విషయంలో నేను పోలీసు పక్షం. అయితే మిల్లర్స్‌బర్గ్ మీదుగా పాత రైలు దారిని బాట చేసినప్పుడు, సైకిళ్లకొక వరస, బగ్గీలకొక వరస వేశారు. చట్టం కన్నా ఆ బాట వేసినవాడి తెలివే నాకు నచ్చింది.

11. ఊరు తన నవ్వులాటని దాచుకోకూడదు.

1863లో అంతర్యుద్ధపు సైన్యంలోకి బలవంతంగా తీసుకోడాన్ని ఎదిరించి గ్లెన్‌మాంట్ దగ్గర రైతులు రాళ్లతో కోట కట్టి తుపాకులు పట్టారు. కొన్ని వందల మంది సైనికులు రాగానే కాస్త కాల్పులు, తర్వాత అందరూ అడవిలోకి. దానికి 'ఫోర్ట్ ఫిజిల్' అని పేరు పెట్టారు, తుస్సుమన్న కోట అనుకోండి. వాళ్ల మునిమనవలే ఆ పేరు నవ్వుతూ చెబుతారు.

12. దిక్కులేని శవం టౌన్‌షిప్‌ది.

కంచె తగువు వస్తే ట్రస్టీలు పొలానికి వెళ్లి చూసి ఎవరి వాటా ఎంతో తేల్చాలి. ఒహాయో చట్టంలో అది వాళ్ల పని. అది నాకు వింతగా అనిపించలేదు. వింత అనిపించింది ఇంకోటి. టౌన్‌షిప్‌లో ఉంటున్న నిరుపేద ఎవరైనా చనిపోయి, శవం కోసం ఎవరూ రాకపోతే, అంత్యక్రియల ఖర్చు టౌన్‌షిప్ పెట్టుకోవాలి. పాత శ్మశానాల్లో గడ్డి కోయించాలి, కంచె నిలబెట్టాలి. సమావేశంలో ఎక్కువ సేపు మాట్లాడుకునేది రోడ్ల తర్వాత దీని గురించే. ఏ రాయి పక్కకి ఒరిగింది, ఎవరు కోస్తారు, గంటకి ఎంత.

పోయిన వసంతంలో మంచు లారీ పెద్దాయన రాళ్లు సరిచేస్తుంటే నేనూ వెళ్లాను, ఊతకర్ర పట్టుకుని సలహాలు చెప్పడానికి. 1840ల నాటి పలకలు, అక్షరాలు అరిగిపోయాయి. మధ్యలో ఆయన నడుం నిలబెట్టి, "మీకూ మీ ఆవిడకీ స్థలం కావాలా? అడక్కూడదనుకోండి" అన్నాడు.

"మేం కాల్చుకుంటాం" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "గడ్డి కోత కలిసొచ్చింది" అన్నాడు. మళ్లీ గడ్డపార అందుకుంటూ, "ఒకవేళ మనసు మారితే చెప్పండి. బయటివాళ్లకి ధర ఎక్కువ. మీకు మనవాళ్ల ధరే."